చెట్టు కల్లుకు మార్చాం, మూడో రోజు ఫిట్స్ వచ్చాయి

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం ఇది. ఊరు, పేర్లు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారం మాత్రం ఇస్తున్నాను.

వాళ్ల అత్తకు 59 ఏళ్లు. పుట్టిల్లు నిజామాబాద్ వైపు. పెళ్లికి ముందు నుంచే బీడీలు చుడుతోంది. మామ పోయాక రాత్రిళ్లు నిద్ర పట్టక కల్లు మొదలైంది. అప్పుడు ఒక సీసా, ఇప్పుడు మూడు, ఒక్కోరోజు నాలుగు. కొడుకు సాయంత్రం బండి మీద తెలంగాణ వైపు కల్లు దుకాణానికి వెళ్లి, ఓ అరగంట కూర్చుని, సీసాలు పట్టుకొస్తాడు. పొద్దున అత్త వేళ్లు వణుకుతాయి, దారం ముడి పడదు. బీడీలు వదులుగా ఉన్నాయని టేకేదారు, అంటే బీడీలు తీసుకునే కాంట్రాక్టరు, తీసి పక్కన పడేస్తున్నాడు. మధ్యాహ్నం ఒక సీసా పడ్డాక గానీ చెయ్యి కుదురుకోదు.

ఫోనులో కల్తీ కల్లు వార్తలు చూసి కోడలికి భయం పట్టుకుంది. భర్తను ఒప్పించి, తెలిసిన గౌడన్న దగ్గర చెట్టు కల్లు తెప్పించి, దుకాణం కల్లు ఒక్కసారిగా బంద్ చేయించింది. మొదటి రాత్రి అత్తకు కునుకు లేదు, ఒళ్లంతా చెమటలు. రెండో రాత్రి గోడకేసి చూస్తూ చనిపోయిన మామతో మాట్లాడింది, లేని చీమల్ని దుప్పటి మీంచి దులిపింది. మూడో రోజు పొద్దున రెండుసార్లు ఫిట్స్. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి సూది వేశాడు. సాయంత్రం కొడుకు పాత దుకాణం సీసా తెచ్చి నోట్లో పోస్తే కాసేపటికి తేరుకుంది. కల్లు ముట్టనియ్యనందుకు ఎల్లమ్మకు కోపం వచ్చిందని వాడకట్టంతా తీర్పు చెప్పేసింది. భర్తేమో "ముసలి ప్రాణం, తాగనీ" అంటున్నాడు. అత్త మాట ఇంకోటి: "నా చేతి కష్టం, నా కల్లు. మీ పైసలతోని తాగుతున్ననా?"

మాఘంలో ఆడబిడ్డ పెళ్లి ఉంది, వియ్యాలవారికి ఈ సంగతి చెప్పాలా అనీ అడిగారు. ఈలోగా అత్తను రాత్రికి రాత్రి బండిలో ఎక్కించుకుపోయే ప్రైవేటు సెంటర్‌లో వేయమని ఒకరు, అన్నంలో కలిపే పొడి తెచ్చుకోమని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఉత్తరం చివర, వేరే సిరాతో, ఒక మాట రాశారు. నాలుగేళ్ల పాప మధ్యాహ్నం నిద్రపోకపోతే నానమ్మ సీసా మూతతో కల్లు తాగిస్తోందట. "నేనేం చెయ్యాలె మేడం, నాదే తప్పా?" అని ముగించారు.

అమ్మా,

చివర రాసిన మాటతో మొదలుపెడతాను. పాపకు ఇక ఒక్క చుక్క కూడా పడకూడదు. మీ అత్తమ్మ మీద కోపంతో చెప్పడం లేదు. ఏడ్చే పిల్లలకు కల్లు చుక్క పట్టడం ఆవిడ చిన్నప్పుడు ఇళ్లలో మామూలై ఉండొచ్చు, ఆ కల్లు వేరు. ఇప్పుడు ఆ మూతలో ఏముందో తెలియదు. పెద్దవాళ్లను మత్తులో పడేసే మందు నాలుగేళ్ల పిల్ల ఊపిరిని మందగింపజేయగలదు. పాపకు ఎన్నాళ్లుగా, వారానికి ఎన్నిసార్లు పట్టారో కనుక్కుని పిల్లల డాక్టరుకి దాచకుండా చెప్పండి. పిల్ల ఎంత లేపినా లేవకపోతే ఆ క్షణమే ఆసుపత్రి. మధ్యాహ్నం పూట పాపను అంగన్‌వాడీలోనో, మీ కళ్లముందో ఉంచే ఏర్పాటు రేపటి నుంచే చేయండి. మిగతా విషయాల్లో మీకు నాలుగు దారులు చెప్తాను గానీ, ఇందులో రెండో దారి లేదు.

ఇక ఆ మూడు రోజుల సంగతి. మీరు కల్లు మానిపించామనుకున్నారు. మీ వాడకట్టూ అదే అనుకుంది. జరిగింది వేరే. నిజామాబాద్, కామారెడ్డి వైపు దుకాణాల కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలపడం ఏళ్లుగా నడుస్తున్న దందా. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. అందుకని నీళ్లు, శాక్రిన్, పైన ఇంత నిద్రమందు. అన్ని దుకాణాలూ అలాంటివే అనను. పరీక్ష చేయకుండా మీ సీసాలో ఫలానాదే ఉందనీ అనలేను. కానీ మీరు రాసిన లక్షణాలు, అవి వచ్చిన వరస చూస్తే అనుమానం అటే పోతుంది. మీ అత్తమ్మ ఒంటికి రోజూ అలవాటైంది ఒక్క కల్లే కాదు, నిద్రమాత్ర కూడా.

గౌడన్న చెట్టు కల్లులో కాస్తో కూస్తో ఆల్కహాల్ ఉంటుంది, నిద్రమాత్ర ఉండదు. కాబట్టి మీరు మంచి కల్లుకి మార్చిన రోజే, ఏళ్ల తరబడి రోజూ పడుతున్న నిద్రమాత్రను ఒక్క దెబ్బతో ఆపేసినట్టయింది. ఇన్నాళ్లూ ఆ మందు మెదడును అణిచి ఉంచింది. మెదడు దానికి తగ్గట్టు సర్దుకుని ఉంది. అణిచే చెయ్యి ఉన్నట్టుండి తీసేస్తే అది ఒక్కసారిగా ఎగిసిపడుతుంది. మొదట వణుకు, చెమట, నిద్రలేమి. ఆ తర్వాత లేనివి కనబడటం, ఫిట్స్. అల్ప్రాజోలం లాంటిదైతే ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతాయి, డైజిపామ్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. మళ్లీ పాత సీసా పడగానే తేరుకోవడానికి కారణం కూడా ఆ మందే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలన్నీ మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు ఇవే లక్షణాలతో జనం బారులు తీరారు. అంతమంది మీద ఒకేసారి ఏ అమ్మవారూ ఆగ్రహించలేదు.

ఎల్లమ్మకు సాక పోయడం మీరు మానక్కర్లేదు. సాక పోసేది నేల మీద, ఎవరూ తాగక్కర్లేదు.

తప్పు మీదా అని అడిగారు. చెట్టు కల్లు మేలని మీకే కాదు, చాలామంది చదువుకున్నవాళ్లకూ అనిపిస్తుంది. అయితే ఆ సాయంత్రం చేసిన పని మాత్రం ఇంకెప్పుడూ చేయకండి. ఫిట్స్ వచ్చి పూర్తిగా తెలివిరాని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, నీళ్లు కూడా. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మళ్లీ అలా వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది ఏదైనా పెట్టండి, చేతిలో తాళాలు, నోట్లో చెంచాలు వద్దు. 108కి ఫోన్ చేయండి. ధర్మాబాద్ గ్రామీణ రుగ్ణాలయంలో, అంటే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో, ఫిట్స్ ఆపే సూది దొరుకుతుంది, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపుతారు. లేనివి కనబడటం, జ్వరం, తికమక మాటలు మొదలైతే తెల్లారేదాకా ఆగకండి.

డాక్టరు చూసేదాకా ఆవిడ తాగేది ఉన్నట్టుండి ఆపకండి, పెంచకండి. సలహాల శీర్షికలో తాగనివ్వండి అని రాయడం వింతగా ఉండొచ్చు. ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషికి మళ్లీ ఒక్కసారిగా ఆపడం అంతకంటే ప్రమాదం. రోజుకో అర సీసా చొప్పున మీరే తగ్గించుకుంటూ పోతే అన్న ఆలోచన వస్తుంది, నాకు తెలుసు. ఇవాళ్టి సీసాలో ఎంత మందు పడిందో కలిపినవాడికే లెక్క ఉండదు. మీరు సగం ఇచ్చామనుకున్న రోజు రెట్టింపు పడొచ్చు, ఒక్కోరోజు ఏమీ పడకపోవచ్చు. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొని పైనుంచి వేయడం అసలే వద్దు, ఆ రెండూ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

మీ ఆయన తాగనీ అంటున్నారు. ఆ మాట నేను కొట్టిపారేయను. అమ్మను గొలుసుకట్టి బతికించడం కంటే ఆవిడ సుఖంగా ఉంటే చాలనుకునే కొడుకులు ఉంటారు. కానీ 59 అంటే చివరి రోజులు కావు. ఈ వయసులో ఇంత నిద్రమందు అంటే జారిపడి తుంటి ఎముక విరగడం, మతిమరుపు, పొయ్యి దగ్గర కునుకు. పైగా ఆవిడ తాగుడు కొనసాగాలా వద్దా అన్నది మీ చేతుల్లో లేదు, దుకాణం చేతుల్లో ఉంది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు. అలాంటిది జరిగిన వెంటనే దాడులు, దుకాణాలకు తాళాలు. అదే మీ పెళ్లివారంలో పడితే, డాక్టరు లేడు, మందు లేదు, మూడో రోజుకు మళ్లీ అదే కథ. ఏమీ చేయకుండా ఉండటం కూడా ఒక దారే గానీ, దాని ఖరీదు ఇది.

ఇంకో మాట. ఆయన రోజూ ఓ అరగంట ఆ దుకాణంలో కూర్చుని వస్తారని మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు. నేను దాని మీద ఏమీ ఊహించను. ఒక పండక్కో, ఊరెళ్లినప్పుడో రెండు రోజులు ఆ అరగంట లేకపోతే ఆయన నిద్ర ఎలా ఉంటుందో, చేతులు ఎలా ఉంటాయో గమనించండి. అమ్మను చూపించే రోజు ఆయన కూడా ఒక చీటీ రాయించుకోవలసి రావచ్చు.

వైద్యం ఎక్కడ అన్నదానికి మీకు రెండు వైపులా దారులున్నాయి. సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇది ఇబ్బందే గానీ ఒక్కోసారి కలిసొస్తుంది కూడా. నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రికి మెడికల్ కాలేజీ ఉంది, మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడి డాక్టర్లకు కల్లు అనగానే సంగతి అర్థమవుతుంది, రోజూ చూసే కేసే. మాట తెలుగు, ఆవిడ పుట్టింటివాళ్లు దగ్గర, రైలెక్కితే దూరం కాదు. ఒక్కటే, మీ మహారాష్ట్ర రేషన్ కార్డు మీద ఆరోగ్యశ్రీ నడవదు. ఓపీకి, జనరల్ వార్డుకి అది అడ్డం కాదు, ఆధార్ వెంట ఉంచుకోండి. ఖరీదైన స్కానింగో మరొకటో బయట రాస్తే మాత్రం మీ జేబు నుంచే.

నాందేడ్‌లో విష్ణుపురి దగ్గర శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. మీ కాగితాలన్నీ అక్కడ చెల్లుతాయి, తర్వాత మందులకు మీ జిల్లా వ్యవస్థలోనే తిరగొచ్చు. కానీ దూరం ఎక్కువ. మీ అత్తమ్మకు మరాఠీ అంతంతమాత్రమన్నారు, మనసులో మాట చెప్పుకునే వైద్యానికి అది చిన్న లోటు కాదు. అక్కడికే వెళ్తే ఒక జాగ్రత్త: కల్లు తాగుతుందని మాత్రమే చెప్తే మామూలు తాగుడు కింద రాసుకుని ఆ లెక్కన మందు ఇవ్వొచ్చు. అల్ప్రాజోలం, డైజిపామ్ కలిపే దుకాణం కల్లు అని స్పష్టంగా చెప్పండి. ఫిట్స్ ఏ రోజు, ఆపిన ఎన్నో రోజుకు, ఎన్నిసార్లు, రోజుకు ఎన్ని సీసాలు, బీపీ షుగర్ మందులేమైనా ఉన్నాయా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఓపీలో మీకు దొరికే నాలుగు నిమిషాల్లో ఆ కాగితమే మాట్లాడుతుంది.

ఏ ఆసుపత్రైనా చేసే పని దాదాపు ఒకటే. దుకాణం కల్లు స్థానంలో, కొలత తెలిసిన ఒక మాత్ర పెడతారు. ఫిట్స్ రాకుండా నిలబెట్టాక ఆ మాత్రను మెల్లమెల్లగా, వారాల మీద, ఒక్కోసారి నెలల మీద తగ్గిస్తారు. పక్కన థయామిన్ అనే బీ విటమిన్, లివర్ పరీక్షలు. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంది కాబట్టి మొదటి కొన్ని రోజులు వార్డులో ఉంచుతామంటే ఒప్పుకోండి. ఓపీలోనే చేయించుకుంటే పని చెడదు, ఇల్లు కదలక్కర్లేదు, కానీ రాత్రిపూట ఏదైనా జరిగితే చూసుకోవలసింది మీరే. మాత్రలు ఆవిడ చేతికి ఇవ్వకుండా ఏ పూటకాపూట మీరే ఇవ్వాలి, పైన కల్లు పడకుండా చూడాలి. మీకు చిన్నపిల్ల, ఇంట్లో పెళ్లి పనులు. మోయగలరా లేదా మీరే లెక్క వేసుకోండి.

ఇక అన్నంలో కలిపే పొడి. అందులో డైసల్ఫిరామ్ అనే మాత్ర నూరి కలుపుతుంటారు. అది ఉంటే, పైన ఆల్కహాల్ పడగానే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం వస్తాయి. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూపులో వాడేవాళ్లకే అది మందు. తెలియకుండా పెడితే ప్రాణం మీదికొస్తుంది. మీ అత్తమ్మకైతే అది దండగ కూడా, ఎందుకంటే నిద్రమాత్ర అలవాటు మీద దానికి పనే లేదు. ఏ వేరో, ఏ బూడిదో అయితే ఏం కలిపారో కూడా మనకు తెలియదు.

రాత్రికి రాత్రి బండిలో వేసుకుపోయే సెంటర్ గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి మత్తు అలవాట్ల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా వస్తాయి. మనిషి ఒప్పుకోలేని స్థితిలో ఉంటే, ప్రమాదం ఉందని మానసిక వైద్యుడితో పాటు ఇంకొక నిపుణుడు కూడా విడిగా చూసి తేల్చాక, ఇంటివాళ్ల దరఖాస్తు మీద 30 రోజుల దాకా చేర్చుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. చేతులు కాళ్లు కట్టి తీసుకెళ్లడం అందులో లేదు. గొలుసులు వేయడాన్ని ఆ చట్టం నేరుగా నిషేధించింది. ప్రైవేటు సెంటర్లలో మంచివీ ఉన్నాయి. వెళ్లాలనుకుంటే ముందు మీరు పగటిపూట వెళ్లి చూడండి. రిజిస్ట్రేషన్ కాగితం గోడ మీద ఉందా, సైకియాట్రిస్టు ఏ రోజుల్లో వస్తాడు, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, ఆడవాళ్లకు వేరే వార్డు ఉందా, రాత్రి డ్యూటీలో ఆడ నర్సు ఉంటుందా, ఇంటికి ఫోన్ చేయనిస్తారా. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట మనిషిని వదలకండి. చాలా సెంటర్లు మగవాళ్లను ఉద్దేశించి కట్టినవే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్ చేత చేయించి 2019లో విడుదల చేసిన సర్వేలో మద్యం తాగే మగవాళ్లు 27.3 శాతం, ఆడవాళ్లు 1.6 శాతం. మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక వైద్యం అందుకున్నట్టు తేలింది. బీడీల పని ముగిశాక సీసా పక్కన పెట్టుకునే ఆడవాళ్ల దగ్గరికి ఆ లెక్కలవాళ్లు ఎంతమంది వచ్చి ఉంటారో నాకు అనుమానమే. అందుకే ఆడవాళ్ల విషయంలో నా మొగ్గు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి వైపే. అక్కడ ఆవిడ ఫిట్స్ వచ్చిన పేషెంటు, తాగుబోతు కాదు.

వీటన్నిటికంటే కష్టమైనది ఆవిడను ఒప్పించడం. "నా చేతి కష్టం, నా కల్లు" అన్న మాటలో న్యాయం ఉంది. చిన్ననాటి నుంచి తునికాకు కత్తిరించి ఇల్లు నడిపిన మనిషి ఒకరి దగ్గర చెయ్యి చాచలేదు. ఆ మాటతో వాదనకు దిగకండి, ఓడిపోతారు. మానెయ్ అని కూడా మొదలుపెట్టకండి. పొద్దున, చేతులు వణికే వేళ, ఆడబిడ్డో మీ ఆయనో పక్కనుండగా ఫిట్స్ సంగతి ఎత్తండి. ఆ రెండు రోజులు ఆవిడకు ఏం గుర్తుందో అడగండి. చాలామందికి గుర్తుండదు, విని భయపడతారు. ముడి పడక, బీడీలు పక్కన పడేస్తే పోయే కూలి గురించి ఆవిడే చెప్పేదాకా ఆగండి. ఆ తర్వాత, ఫిట్స్ ఎందుకొచ్చిందో, నిద్ర ఎందుకు పట్టడం లేదో చూపిద్దాం రమ్మనండి. ఇది అబద్ధం కాదు. అసలు ఈ కథంతా నిద్ర దగ్గరే మొదలైంది. మామ పోయినప్పుడు ఆ నిద్రలేమిని ఎవరైనా డాక్టరుకి చూపించి ఉంటే, ఆ మాట ఇప్పుడు అనవసరం. బీపీ చూపిద్దామని తీసుకెళ్లి వార్డులో వదిలేసి రావడం మాత్రం చేయొద్దు. రెండోసారి మీ వెంట ఆసుపత్రి గడప తొక్కదు.

రానని మొండికేస్తే, మీరొక్కరే ముందు వెళ్లి డాక్టరుతో మాట్లాడి రావొచ్చు. అంతకంటే ముందే 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడతారు. మత్తు అలవాట్ల కోసం విడిగా 14446 ఉంది. రెండూ ఉచితం. అత్తమ్మకే ఫోన్ ఇచ్చి మాట్లాడించడానికి కూడా పనికొస్తుంది. ఇంటివాళ్ల నోటి నుంచి వస్తే కోపం తెప్పించే మాట, పరాయి గొంతు నుంచి వస్తే వినబుద్ధవుతుంది.

పెళ్లికి ముందా, తర్వాతా? ముందే మొదలుపెడితే ఫిట్స్ ప్రమాదం ఉన్న తొలి రోజులు వార్డులో గడిచిపోతాయి, ముహూర్తం నాటికి కొలిచిన మాత్ర మీద ఉంటుంది. అయితే నిద్ర సరిగా ఉండదు, చిరాకుగా ఉంటుంది, చుట్టాలొచ్చి సీసాలు తెరిస్తే మనసు లాగుతుంది. తర్వాతకు వాయిదా వేస్తే ఆవిడ తన అలవాటుతో ప్రశాంతంగా పెళ్లి చూస్తుంది, దుకాణం నడిచినన్నాళ్లు. ఈ రోజుల్లో దాని మీద పందెం వేయమంటే నేను వేయను. కానీ పెళ్లి మరీ దగ్గరపడి ఉంటే, ఒక్కసారి డాక్టరుకి చూపించి, చేర్చడం ఎప్పుడన్నది ఆయన్నే చెప్పమనడం మధ్యేమార్గం. మాత్ర తగ్గించే నెలల్లో ఒకటి రెండుసార్లు ఆవిడ మళ్లీ సీసా పట్టొచ్చు. అలా జరిగితే వైద్యం పాడైనట్టు కాదు, దాచకుండా డాక్టరుకి చెప్పడమే కావాలి. మాత్ర మీద కల్లు పడితే ప్రమాదం కాబట్టి ఆవిడ మీకు భయపడి దాచే పరిస్థితి తేకండి.

వియ్యాలవారికి చెప్పాలా అని అడిగారు. చెప్పాల్సిన పని లేదు. ఆవిడ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు అదే చట్టం ఆవిడకు ఇచ్చింది, ఆసుపత్రి కూడా ఎవరికీ చెప్పకూడదు. ఎవరైనా అడిగితే ఫిట్స్‌కి మందులు వాడుతోందనండి, అందులో అబద్ధమేమీ లేదు. ఆడబిడ్డకు మాత్రం అంతా చెప్పండి. పెళ్లి మూడు రోజులూ అమ్మ పక్కన ఎవరుండాలి, మాత్రల సంచి ఎవరి దగ్గరుండాలి అన్నది మీరిద్దరే కూర్చుని అనుకోవాలి.